ప్రేగు బుడిపెల కుటుంబములు – ఆపరేషను తరువాత పుట్టు గడ్డ

అనేక గ్రామములలో ఏదో యొక యింటిని గూర్చి "ఆ యింటివారికి నలుబదవ యేట గండమున్నది" అని పెద్దలు చెప్పుకొనుట వినుచుందుము. తాత ఆ యీడుననే పోయినాడు. తండ్రియు నట్లే పోయినాడు. మేనత్త కడుపునొప్పితో మంచము పట్టి మరల లేవలేదు. ఊరిలో కొందరు దీనిని శాపమందురు, కొందరు వాస్తుదోష మందురు, మరికొందరు ఎవరో చేసిన చేతబడి యని గుసగుసలాడుదురు. ఇట్టి మాటలలో పెక్కు కాకతాళీయములే. కాని కొన్ని కుటుంబములలో మాత్రము ఆ వరుస మరణముల వెనుక ఒక వ్యాధి యుండును. అది తల్లిదండ్రుల నుండి బిడ్డలకు వచ్చునది. ముందుగా కనుగొన్నచో ప్రాణము దక్కించుకొనుటకు వీలైనది.

దీనిని వైద్యులు వంశపారంపర్య పాలిపోసిస్ అందురు. పాలిప్ అనగా ప్రేగు లోపలిపొరపై మొలచు చిన్న బుడిపె. ఈ వ్యాధి గలవారి పెద్దప్రేగులో అట్టివి వందలకొలది, కొందరిలో వేలకొలది మొలచును. ఈ వ్యాసములో ఆ వ్యాధిని క్లుప్తముగా వివరించి, దానికి చికిత్స పొందినవారిలో కొందరికి తరువాత కడుపులో పుట్టు డెస్మాయిడ్ అను గడ్డను గూర్చి విపులముగా చెప్పదలచినాము. మొదటి గండము గడచి బయటపడినవారు ఈ రెండవదానిని తప్పుగా అర్థము చేసికొని, చేయరాని చికిత్సకై పరుగులెత్తి నష్టపోవుట కలదు. అట్టి సమయమున ఆ కుటుంబమునకు సలహా చెప్పువారు పెక్కుమార్లు గ్రామపెద్దలే గనుక, పంచాయతీ సభ్యులు ఈ సంగతి తెలిసికొనుట అవసరమని మా యభిప్రాయము.

ఈ వ్యాధి సుమారు 10,000 జననములలో ఒకరికి వచ్చునని అంచనా. బుడిపెలు సాధారణముగా పదునాఱేండ్ల ప్రాయమునాటికి కనబడనారంభించును. మొదట నొప్పి లేదు, జ్వరము లేదు. కొన్ని సంవత్సరములకు మలముతో నెత్తురు, జిగట పడుట, తరచుగా విరేచనములగుట మొదలగును. మన పల్లెలలో నెత్తురు పడినదనగానే మూలశంక యని నిర్ణయించి, సంతలో అమ్ము మందులతో కాలము గడపుట వాడుక. ఆ లోపల బుడిపెలలో ఏదో యొకటి కాన్సరుగా మారును. చికిత్స చేయనిచో ఇది దాదాపు ప్రతివారికిని తప్పదు. కాన్సర్ వచ్చు సగటు వయస్సు 39 సంవత్సరములు. నలుబదవ యేటి గండమను మాట ఎచ్చట నుండి పుట్టినదో దీనివలన తెలియుచున్నది.

దీనికి మూలము మన దేహకణములలోని ఏ.పీ.సీ. అను జన్యువులో ఏర్పడు లోపమని 1991లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తల్లికి గాని తండ్రికి గాని ఆ లోపమున్నచో, ప్రతి బిడ్డకును అది వచ్చుటకు సగము, రాకపోవుటకు సగము అవకాశము కలదు. రూపాయి నాణెము ఎగురవేసి బొమ్మా బొరుసా చూచుట వంటిదే యిది. ప్రతి కాన్పునకును నాణెము మరల ఎగురవేసినట్లే. కావున "పెద్దవానికి వచ్చినది గదా, చిన్నవానికి రాదు" అనుకొనుట సరికాదు. ఆడపిల్లలకు రాదనుకొనుట అంతకంటె తప్పు. లోపము రాని బిడ్డ దానిని తన సంతానమునకు అందింపజాలడు. ఆ శాఖలో దాని కథ ముగిసినట్లే. రోగులలో నలుగురైదుగురికి ఒకరి విషయములో మాత్రము పూర్వులలో ఎవ్వరికిని ఇది లేకుండగనే క్రొత్తగా పుట్టును.

బుడిపెల వ్యాధిలో మరియొక రకము కలదు. దానిలోని మ్యూటీవైహెచ్ అను జన్యువు సంగతి 2002లో తెలిసినది. అది తల్లి వైపు నుండియు తండ్రి వైపు నుండియు లోపము వచ్చినపుడే కలుగును గనుక, మేనరికములు తరతరములుగా సాగు కుటుంబములలో దానికి అవకాశము హెచ్చు. మనము చెప్పబోవు గడ్డ ఆ రకములో అరుదు. కావున దానిని ఇంతటితో విడచెదము.

గ్రామపెద్దలకు దీనితో ఏమి పని యని ప్రశ్నింపవచ్చును. ఇందుకు లండను నగరములోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి చరిత్ర చక్కని సమాధానము. 1924లో అచ్చట లాక్‌హార్ట్-మమ్మరీ అను శస్త్రవైద్యుడును, డ్యూక్స్ అను రోగనిర్ణయ శాస్త్రజ్ఞుడును ఈ వ్యాధి గల కుటుంబములకై ఒక రిజిస్టరు ప్రారంభించిరి. ప్రయోగశాలలో సహాయకుడుగా చేరిన బస్సీ అను యువకుడు దానిని దశాబ్దముల తరబడి వ్రాయుచు వచ్చి, తుదకు 1975లో ఆ వ్యాధిపై ఒక ప్రామాణిక గ్రంథమునే ప్రకటించెను. వారు చేసినది మిక్కిలి సులభమైన పని. ఒక రోగి రాగానే అతని తల్లిదండ్రులు, తోబుట్టువులు, పినతండ్రులు, వారి బిడ్డలు ఎవరెవరో, ఎవరు ఏ వయస్సున ఏ జబ్బుతో పోయిరో వంశవృక్షముగా వ్రాసికొని, జీవించియున్నవారిని ఒక్కొక్కరిని పిలిపించి పరీక్షించిరి. నెత్తురు పడుచున్నదని తమంతట తాము వచ్చినవారిలో సగమునకు మించి అప్పటికే కాన్సర్ సోకియుండెడిది. రిజిస్టరునుబట్టి పిలువబడి వచ్చినవారిలో అది కొద్దిమందికి మాత్రమే యుండెడిది. ఇంత భేదము తెచ్చినది ఒక చిట్టా పుస్తకమే. తరువాత డెన్మార్కు మొదలగు దేశములు ఇట్టి రిజిస్టరులను దేశమంతటికి నెలకొల్పినవి.

మన గ్రామములలో మూడు తరముల సంగతి వైద్యునకు తెలియదు. అరుగుపై కూర్చున్న పెద్దలకు తెలియును. జనన మరణముల రిజిస్టరు పంచాయతీ కార్యాలయముననే యున్నది.

అమెరికాలోని యూటా రాష్ట్రమునందును ఇట్టిదే జరిగినది. జన్యుశాస్త్రము బోధించుచుండిన ఎల్డన్ గార్డ్‌నర్ అను ఆచార్యునకు, ఒక కుటుంబములో ప్రేగు కాన్సరుతో పలువురు పోయినారని ఒక విద్యార్థి చెప్పెను. ఆయన ఆ కుటుంబము వెంటపడి విచారించి 1951లో దాని వివరములు ప్రకటించెను. ఆ కుటుంబీకులలో కొందరికి ప్రేగులోనే గాక దేహము వెలుపలను గుర్తులుండుట ఆయన గమనించి 1953లో ప్రకటించెను. దవడ యెముకపైనను పుఱ్ఱెపైనను గట్టి బుడిపెలు, చర్మము క్రింద చిన్న తిత్తులు ఆ గుర్తులలోనివి. కొందరికి అదనపు పండ్లు వచ్చుటయు తరువాత తెలిసినది. దవడపై బుడిపె యున్న ప్రతివానికిని ఈ వ్యాధి యున్నదని భ్రమపడరాదు. కాని ఆ గుర్తులును, ఇంటిలో చిన్న వయస్సు మరణములును కలసి కనబడినచో వైద్యుని యొద్దకు పంపుటకు అంతకంటె వేరు కారణ మక్కరలేదు.

వ్యాధి యున్న యింటి పిల్లలకు పది పండ్రెండేండ్ల వయస్సు నుండి సంవత్సరమునకో, రెండేండ్లకో ఒకసారి గొట్టముతో ప్రేగును పరీక్షింతురు. రోగియొక్క రక్తములో జన్యులోపము ఇదియని తేలినచో, పిల్లలకు రక్తపరీక్షతోనే నిర్ణయింపవచ్చును. బుడిపెలు హెచ్చినపుడు పెద్దప్రేగును తీసివేయుదురు. పెద్దప్రేగు లేక మనిషి బ్రతుకునా యని పలువురు భయపడుదురు. బ్రతుకును, పొలము పని చేసికొనును. చిన్నప్రేగును మలాశయమునకు కలుపుటయో, మలాశయము కూడ తీసివేయవలసి వచ్చినపుడు చిన్నప్రేగు కొసతోనే ఒక సంచివలె కుట్టి అమర్చుటయో చేయుదురు. విరేచనములు కొంత హెచ్చుగా నుండును. మిగిలిన భాగమును, జీర్ణకోశము తరువాతి ప్రేగును జీవితాంతము అప్పుడప్పుడు పరీక్ష చేయించుకొనవలసియే యుండును.

ఇంతవరకు జరిగిన తరువాత అందరును గండము గడచినదని ఊపిరి పీల్చుకొందురు. అప్పుడే ఒకటి రెండేండ్లకు కొందరికి కడుపుపై ఆపరేషను మచ్చ దగ్గరనో, కడుపు లోపలనో గట్టిగా, రాతివలె చేతికి ఒక గడ్డ తగులును. "కాన్సరు మరల వచ్చినది" అని ఇల్లంతయు గొల్లుమనును. "డాక్టరు లోపల ఏదో మరచినాడు" అని మరికొందరు కోపింతురు. పెక్కుమార్లు ఈ రెండును నిజము కావు. అది డెస్మాయిడ్ అయి యుండవచ్చును. ఏది యైనదియు స్కానింగు చూచి, అవసరమైనచో సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించి, వైద్యుడు చెప్పవలసినదే.

ఈ పేరు జర్మను శాస్త్రజ్ఞుడైన ముల్లర్ 1838లో పెట్టినది. గ్రీకు భాషలో దానికి మూలమైన పదమునకు కట్టు, బంధనము అని యర్థము. గడ్డ కోసి చూచినచో నరములను కట్టిన నారవలె తెల్లగా, గట్టిగా నుండుటచే ఆ పేరు వచ్చినది. గాయము మానునపుడు కండను కూర్చు నారకణములు మన దేహములో నున్నవి. అవి పని ముగియగానే ఊరకుండవలెను. డెస్మాయిడ్‌లో అట్టి కణములు ఆగక పెరుగుచు పోవును. ఇది కాన్సరువలె కాలేయమునకో ఊపిరితిత్తులకో ప్రాకదు. అట్లని అల్పమైనది కాదు. ఉన్నచోటనే చుట్టుప్రక్కలకు వ్రేళ్ళు తన్నును. పెద్దప్రేగు తీసివేయించుకొని కాన్సరు నుండి తప్పించుకొన్న పాలిపోసిస్ రోగుల మరణములకు గల ముఖ్య కారణములలో ఇది యొకటి.

పాలిపోసిస్ గల 100 మందిలో సుమారు 10 నుండి 20 మందికి ఈ గడ్డ వచ్చును. హెచ్చుమందిలో ఆపరేషను జరిగిన మొదటి రెండు మూడేండ్లలో కనబడును. ఆపరేషనే లేకుండ వచ్చుటయు కలదు. పురుషులకంటె స్త్రీలకు ఎక్కువ. రక్తసంబంధులలో ఎవరికైనను ఇట్టి గడ్డ వచ్చియున్నచో భయము మరింత హెచ్చు. జన్యువులో లోపము ఏ తావున నున్నదను దానిపై గూడ ఇది యాధారపడును. కోతయే గడ్డకు ప్రేరణ కావచ్చును గనుక, ఇట్టి కుటుంబములలో బుడిపెలు స్వల్పముగా నున్నచో వైద్యులు పెద్దప్రేగు ఆపరేషనును కొంతకాలము వాయిదా వేయుదురు. కావున "మా పిన్నికి కడుపులో గడ్డ లేచినది" అను మాటను వైద్యునితో మొదటి దినముననే చెప్పవలెను. కోత పెట్టిన తరువాత చెప్పిన ఫలమేమి?

గడ్డ కడుపు వెలుపలి గోడలో నున్నపుడు చికిత్స కొంత సులభము. పెరుగుచున్నచో శస్త్రవైద్యులు పలువురిలో దానిని తీసివేయగలుగుదురు. చిక్కంతయు లోపలిదానితోనే. మేకను కోసినపుడు ప్రేగులను విసనకఱ్ఱవలె కలిపియుంచు పలుచని పొర యొకటి మీరందరును చూచియుందురు. ప్రేగునకు నెత్తురు తెచ్చు నాళములన్నియు, చెరువు నుండి పొలములకు కాలువలు పారినట్లు, ఆ పొర గుండనే పోవును. పాలిపోసిస్ రోగులలో డెస్మాయిడ్ తరచుగా ఆ పొరలోనే పుట్టి, ఆ కాలువలను చుట్టుకొని పెరుగును. గుడిగోడలో మొలచిన రావిమొక్క నెరుగుదురు గదా! లాగిన మొక్క రాదు, గోడ వచ్చును. అట్లే లోపలి డెస్మాయిడ్‌ను తీయబోయినచో నెత్తురు కాలువలు తెగి చిన్నప్రేగులో పెద్దభాగము పోవచ్చును. చిన్నప్రేగు చాలినంత మిగులనిచో తిన్న యన్నము ఒంటబట్టదు. నరము ద్వారా ఆహారము ఎక్కించుచు బ్రతుకవలసి యుండును. ఇంత చేసియు గడ్డ మరల వచ్చుట తరచు.

ఇక దాని స్వభావము మిక్కిలి విచిత్రమైనది. అమెరికాలో ఇట్టి రోగులను దీర్ఘకాలము పరిశీలించిన వైద్యుల లెక్క ప్రకారము, సుమారు నూటికి 10 గడ్డలు వాటంతట అవియే కరగిపోవును. 30 కొంతకాలము పెరిగి, కొంతకాలము తరిగి, ఇట్లు హెచ్చుతగ్గులుగా నుండును. సగము ఎదుగు బొదుగు లేక నిలిచిపోవును. మిగిలిన 10 మాత్రము శీఘ్రముగా పెరిగి ప్రమాదము తెచ్చును. 2018లో ప్రకటింపబడిన ఒక పరీక్షలో డెస్మాయిడ్ గల 87 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టునకు సొరాఫెనిబ్ అను మందును, రెండవ జట్టునకు మందు లేని ఉత్త బిళ్ళలను ఇచ్చిరి. మందు బాగుగనే పనిచేసినది: రెండేండ్లకు గడ్డ ముదరక నిలిచినవారు మందు జట్టులో నూటికి 81 మంది కాగా, రెండవ జట్టులో 36 మందియే. కాని మేము ఇచ్చట చెప్పదలచినది మరియొకటి. ఉత్త బిళ్ళలు మ్రింగినవారిలో గూడ నూటికి 20 మందికి గడ్డ దానంతట అది తగ్గినది. అట్టి గడ్డకు మొదటి దినముననే కత్తి పెట్టియున్న యెడల, ఆ 20 మందియు అనవసరముగా కోతకు గురియై యుందురు.

అందుచేతనే బాధ లేని, నిలకడగా నున్న గడ్డను చూచినపుడు అనుభవజ్ఞులైన వైద్యులు "ఇప్పుడేమియు చేయము, కొన్ని నెలలకు మరల రండు, స్కానింగు తీసెదము" అందురు. ఈ మాట మన గ్రామమునకు వచ్చుసరికి "డాక్టరు చేతులెత్తినాడు" అని మారును. బంధువులు కూడి "అబ్బాయిని ఇట్లు వదలివేయుదుమా? ఎకరము అమ్మి పెద్ద పట్టణములో కోయించెదము" అందురు. వారి ప్రేమను ఎవరు కాదందురు? కాని ఎకరమును పోయి, ప్రేగును పోవు ప్రమాదమిది. కనిపెట్టి యుండుట గూడ చికిత్సలో భాగమే. దినము తప్పక పరీక్షకు పోవుట, గడ్డ కొలతలు పోల్చి చూచుట, మార్పు కనబడగానే మందు మొదలిడుట ఆ చికిత్సయొక్క విధానము. ఇట్టి సమయమున ఊరిలో పదుగురిలో మాట చెల్లుబడి గల సభ్యుడు "డాక్టరుగారు చూచుచునే యున్నారు, మందు అవసరమైనపుడు ఇచ్చెదరు, తొందరపడకుడు" అని ఒక్క మాట చెప్పిన యెడల ఆ కుటుంబము నిలదొక్కుకొనును. ఆ ఆసుపత్రి వారిపై అనుమానము తీరనిచో, కాన్సరు చికిత్సకు ప్రత్యేకించిన మరియొక పెద్ద ఆసుపత్రిలో అవే కాగితములు చూపి రెండవ అభిప్రాయ మడుగుటలో దోషము లేదు.

మందులు పలు రకములు. సులిండాక్, టామాక్సిఫెన్ అను బిళ్ళలు బహుకాలముగా వాడుకలో నున్నవి గాని వాటి ఫలితము నిశ్చయముగా చెప్పలేము. గడ్డ పెరుగుచు బాధించునపుడు మెథోట్రెక్సేట్, విన్‌బ్లాస్టిన్ అను మందులను తక్కువ మోతాదులో నరము ద్వారా నెలల తరబడి ఇత్తురు. మరింత వేగముగా పెరిగినచో డాక్సోరూబిసిన్ వాడుదురు. సొరాఫెనిబ్ సంగతి పైన చెప్పితిమి. 2023 నవంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ నిరోగసెస్టాట్ అను బిళ్ళను డెస్మాయిడ్ కొరకే ఆమోదించినది. ప్రత్యేకముగా ఈ గడ్డకై ఆమోదము పొందిన తొలి మందు అదియే. అది స్త్రీల అండాశయములపై ప్రభావము చూపును గనుక పిల్లలు కావలెననుకొను యువతులు ముందుగా వైద్యునితో మాట్లాడవలెను. కడుపులోని గడ్డకు కిరణ చికిత్స ప్రేగును దెబ్బతీయు నను భయమున అరుదుగా వాడుదురు. పసరుకట్లు, వాతలు ఈ గడ్డను కరగింపవు. గట్టిగా పిసికి తోముటయు వలదు.

కనిపెట్టియుండు కాలములో ఆలస్యము పనికిరాని ఘట్టములు కొన్ని కలవు. కడుపు ఉబ్బి, వాంతులై, మలమును వాయువును బంధించినచో గడ్డ ప్రేగును నొక్కినదని యర్థము. ఆ రాత్రియే ఆసుపత్రికి చేర్పవలెను, తెల్లవారనీయరాదు. చలిజ్వరము, కడుపులో తీవ్రమైన నొప్పి కలిగినచో గడ్డలో చీము చేరుట గాని ప్రేగునకు రంధ్రము పడుట గాని జరిగియుండవచ్చును. నడుము ప్రక్కన నొప్పి మూత్రనాళము నొక్కుకొనుటకు గుర్తు. ఈ చివరిది ఒక్కొక్కప్పుడు ఏ నొప్పియు లేకుండగనే మూత్రపిండమును పాడుచేయును. బాగుగనే యున్నాను గదా యని స్కానింగు మానివేయరాదనుటకు ఇదియే కారణము.

సభ్యులు ఒక విషయములో మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. ఇట్టి కుటుంబము పేరు గ్రామసభలో ఎత్తరాదు, రచ్చబండపై చర్చింపరాదు. ఇది అంటువ్యాధి కాదు. కలసి తినినను, ఒకే మంచమున పరుండినను రాదు. ఐనను ఆ మాట బయటికి పొక్కినచో ఆ యింటి ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగిపోవునని మాకు తెలియును, మీకు అంతకంటె బాగుగా తెలియును. ఆ భయముననే పలువురు పరీక్షకు రాక దాచుకొందురు. మరణముల రిజిస్టరును చూచి సందేహము కలిగినచో, ఆ యింటి పెద్దను ఒంటరిగా కలిసి "అన్నా, మీ నాయనగారికిని, మీ చిన్నాయనకును వచ్చిన జబ్బు ఒకటే నేమో; పిల్లలను ఒకసారి డాక్టరమ్మకు చూపుదము, నేనును తోడు వచ్చెదను" అని చెప్పుట చాలును. కోడలితో మాట్లాడవలసి వచ్చినపుడు మహిళా సభ్యురాలో, ఆశా కార్యకర్తయో పోవుట మేలు. నెత్తురు సంగతి ఆమె మామగారి యెదుట చెప్పదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యుడు అచ్చట నుండి బోధనాసుపత్రికి చీటి వ్రాసి ఇచ్చును.

ఖర్చు విషయమున, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము నేడు రెండు రాష్ట్రములలోను వేరువేరు పేర్లతో నడచుచున్నది. ఏ ఆపరేషను, ఏ మందు, ఏ పరీక్ష దాని క్రిందికి వచ్చునో ఆసుపత్రిలో ఆ పథకము తరపున కూర్చుండు ఉద్యోగిని ముందే యడిగి తెలిసికొనవలెను. జన్యుపరీక్ష సంగతి ప్రత్యేకముగా అడుగవలెను.

ఆసుపత్రికి పోవునపుడు రోగి వెంట నుండవలసిన కాగితములలో మొదటి ఆపరేషను వివరముల చీటి ముఖ్యమైనది. ఏ భాగము తీసిరో, మిగిలినదానిని దేనితో కలిపిరో అందులో నుండును. అది లేనిచో క్రొత్త వైద్యుడు చీకటిలో తడుముకొనవలసి వచ్చును. తీసిన ప్రేగు పరీక్ష నివేదిక, పాత స్కానింగు ఫిలిములు, కుటుంబములో ఎవరెవరు ఏ వయస్సున పోయిరో వ్రాసిన ఒక తెల్లకాగితము దానికి జోడింపవలెను. వర్షాకాలములో ఇల్లు కురిసి ఇవన్నియు తడిసిపోవుట మనము చూచుచునే యున్నాము. ప్లాస్టికు సంచిలో చుట్టి పెట్టెలో భద్రపరచుమని చెప్పుడు. ఇంకొక నకలు తీయించి దగ్గరి బంధువుల యింట నుంచినచో మరింత మంచిది.